పంది ధమనిలోంచి కణాలన్నీ తీసేశాక కూడా రక్తం ఎందుకు గడ్డకడుతోంది?

ల్యాబ్‌పురుగు:
ప్రాజెక్టు కోసం పంది మెడ ధమనిని ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో రెండ్రోజులు నానబెట్టి కణాలు తీసేశాను, స్టెయిన్ చేసి (రంగు వేసి) చూస్తే ఒక్క న్యూక్లియస్ కూడా కనబళ్ళేదు, హమ్మయ్య అనుకుని లోపలికి రక్తం పోనిస్తే కాసేపటికే గడ్డకట్టేసింది. పైగా దానిమీద కొత్తగా వేసిన కణాలు కూడా చచ్చిపోతున్నాయి. కణాలే లేనప్పుడు ఇంకేంటి ప్రాబ్లం?

కొల్లాజెన్‌బాబు:
రెండూ వేర్వేరు గొడవలండి. కణాలు చావడానికి నా అనుమానం ఎస్‌డీఎస్ మీదే, అది ప్రొటీన్లకి అంటుకుంటే ఓ పట్టాన వదలదు, రెండు మూడు కడుగులకి పోయే రకం కాదు, రోజుల తరబడి కడిగే ద్రావణం (బఫర్) మారుస్తూనే ఉండాలి, మధ్యలో ట్రైటాన్ ఎక్స్-100 అనే ఇంకో డిటర్జెంట్‌తో ఓసారి కడిగితే కొంత నయం.

ఇక గడ్డకట్టడమంటారా, నాళం లోపల ఎండోథీలియం అనే కణాల పొర ఉన్నంతసేపే రక్తం బుద్ధిగా పారుతుంది. ఆ పొరని మీరే ఊడగొట్టేశారు కదా! ఇప్పుడు రక్తానికి నేరుగా గోడలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ తగులుతోంది, ప్లేట్‌లెట్లకి అది గాయంలాగే కనిపిస్తుంది. లోపలివైపు రక్తాన్ని గడ్డకట్టనివ్వని హెపారిన్ అతికించాలి, లేదా ఎండోథీలియల్ కణాలు మళ్ళీ పరచాలి.

సన్నదారం:
స్టెయిన్ చూసి సక్సెస్ అనుకోకు తమ్ముడూ. ఎండిన టిష్యూ ఒక మిల్లీగ్రాముకి డీఎన్‌ఏ 50 నానోగ్రాములు దాటకూడదు, మిగిలిన ముక్కలు 200 బేస్ పెయిర్ల (డీఎన్‌ఏ పొడవు కొలత) లోపే ఉండాలి, అందరూ చెప్పుకునే లెక్క ఇది. డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్, డీఎన్‌ఏజ్ వాడావా? పందిలో ఆల్ఫా-గాల్ అనే చక్కెర కూడా ఉంటుంది, మన ఒంట్లో దానికి యాంటీబాడీలు ముందే రెడీగా ఉంటాయి. కణాలు తీసేశామన్న పంది గుండె వాల్వులు నలుగురు పిల్లలకి పెడితే ముగ్గురు చనిపోయారని 2003లో పేపర్ వచ్చింది, తీరా చూస్తే పెట్టకముందు శాంపిళ్ళలోనే కణాలు పూర్తిగా పోలేదంట. అది చదివాక నాకు స్టెయిన్ ఫొటోల మీద నమ్మకం పోయింది.

ల్యాబ్‌పురుగు:
డీఎన్‌ఏజ్ వాడలేదు అక్కా 😐 మరి 2024 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకున్న సిమ్‌వెస్ అనే రక్తనాళంలో కూడా కణాలుండవు కదా, అదెలా పనిచేస్తోంది?

కొల్లాజెన్‌బాబు:
అది జంతువుది కాదండి, మనిషి కణాల్ని కరిగిపోయే అచ్చు మీద పెంచి, అవి అల్లిన పదార్థాన్ని ఉంచుకుని కణాల్ని కడిగేస్తారు. పైగా దాని వ్యాసం 6 మిల్లీమీటర్లు, రక్తం జోరుగా పోతుంది. అంతకన్నా సన్నబడేకొద్దీ డాక్రాన్ అనే పాలిస్టర్ గొట్టానికైనా దేనికైనా ఇదే తిప్పలు. మీ ముక్క ఎంత లావు?

ల్యాబ్‌పురుగు:
4 మిల్లీమీటర్లు. అర్థమైంది, మళ్ళీ కడగడం మొదలుపెడతా.