పోలీసు మాట తీరు మారాలంటే ముందు ఎక్కడ మారాలి: రిసెప్షన్‌లోనా, లోపలి గదిలోనా?

సాగర్‌రోడ్:
2014 నుంచి తెలంగాణలో ‘ఫ్రెండ్లీ పోలీసింగ్’ అనే మాట వింటూనే ఉన్నాం. కొత్త ఇన్నోవాలొచ్చాయి, షీ టీమ్స్ వచ్చాయి, స్టేషన్లలో రిసెప్షన్ బల్లలొచ్చాయి. మొన్న ఫోన్ పోయిందని మా స్టేషన్‌కి వెళ్లాను. బల్ల దగ్గరున్న కానిస్టేబుల్ అమ్మాయి "కూర్చోండి సార్" అని కాగితం తీసింది. ఇంతలో లోపలి నుంచి ఓ అధికారి "ఏయ్, ఆ ఫైలేదే?" అని అరిచారు. రాస్తున్న పెన్ను ఆగిపోయింది. ఫైలిచ్చి తిరిగొచ్చాక గొంతే వేరు: "బిల్లు లేకుండా ఎందుకొచ్చావ్?" నిమిషం ముందు నేను ‘సార్’ని. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ముందు మారాల్సింది లోపలి గదే అంటాను.

ఖాకీ ఇంటి కొడుకు:
నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. పొద్దున వైర్‌లెస్ సెట్ మీద జరిగే ‘సెట్ కాన్ఫరెన్స్’లో ఎస్పీ గారు ఎస్‌ఐని తిడితే జిల్లా అంతా వినేది. ఆ తిట్టు మధ్యాహ్నానికి నాన్న దాకా, సాయంత్రానికి రోడ్డు మీద బండాపిన కుర్రాడి దాకా వచ్చేది. అలాంటి రాత్రి నాన్న అన్నం కలిపి, తినకుండా లేచిపోయేవారు. ఎవరికి చెప్పుకోవాలి? అనుమతి లేకుండా సంఘం పెట్టుకోకూడదని 1966 చట్టం ఉంది. 2024 అక్టోబరులో బెటాలియన్ కానిస్టేబుళ్ల డ్యూటీ కష్టాల గురించి వాళ్ల భార్యలు రోడ్డెక్కింది ఊరికే కాదు.

నల్లకోటు:
బాధ అర్థమైంది, కానీ ఒప్పుకోను. లోపల బాగుపడేదాకా బాధితులు ఆగాలా? కాగ్నిజబుల్ నేరమని, అంటే వారంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరమని తెలిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. 2024 జూలై 1 నుంచి ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదివ్వచ్చని సీఆర్‌పీసీ బదులొచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లోనే రాశారు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "రాజీ పడండమ్మా" అని పంపిస్తే అది మర్యాదా? నాకు మాట తీరు కాదు, కేసు నంబరు కావాలి.

బందోబస్తు:
నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద ప్రతి ఆర్డరుకీ చర్చ పెడతారా? యూనిఫాం ఫోర్సు ఆర్డరు మీదే నడుస్తుంది.

సాగర్‌రోడ్:
బందోబస్తు గారూ, ఆర్డరు వద్దని ఎవరన్నారు? "ఆ గేటు మూసేయండి" అన్నా గేటు మూతపడుతుంది కదా.
నల్లకోటు గారూ, కేసు నంబరు సంగతి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ నంబరెందుకు పడదు? నెలవారీ క్రైమ్ మీటింగ్‌లో "మీ స్టేషన్‌లో కేసులెందుకు పెరిగాయ్?" అని ఎస్‌ఐని నిలబెట్టి అడుగుతారన్న భయం. అదీ లోపలి మాటే కదండీ!

ఖాకీ ఇంటి కొడుకు:
ముప్పై ఏళ్ల సర్వీసులో నాన్నని ‘మీరు’ అన్న సీఐ ఒక్కరే. ఆ రెండేళ్లూ స్టేషన్‌కొచ్చిన కూలీలకి నాన్న కుర్చీ చూపించేవారు. నేను క్యారేజీ తీసుకెళ్లినప్పుడు కళ్లారా చూశాను. తర్వాతొచ్చినాయన మొదటి రోజే ‘ఏరా’ అన్నారు.