పాడైన చేతి అల్లిక గురించి ఇంట్లో నవ్వుతూ మాట్లాడుకోవడం ఎలా?

మా అమ్మ నెలల తరబడి కూర్చుని, టొరంటోలో ఉండే మా అక్క కోసం మెరీనో ఊలుతో, ముందుభాగమంతా జడ అల్లిక వచ్చేలా ఒక స్వెట్టరు అల్లి పంపింది. పనిలో సాయపడాలని మా బావగారు దానిని మిగతా బట్టలతో కలిపి వాషింగ్ మెషిన్‌లో వేడినీళ్లతో ఉతికారు. ఇప్పుడది చిన్నపిల్లకు కూడా పట్టనంతగా కుంచించుకుపోయి, దళసరి కంబళి ముక్కలా తయారైంది. ఊలు పోగు మీద ఉండే సన్నని పొలుసులు వేడికి, తడికి, రాపిడికి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయనీ, అలా పూర్తిగా బిగిసిన అల్లిక మళ్లీ మునుపటిలా కాదనీ తెలుసు కనుక, బాగుచేసే ఉపాయం అడగడం లేదు.

నా ప్రశ్న మనుషుల గురించి. బావగారు అమ్మతో ఫోనులో మాట్లాడటానికే మొహమాటపడుతున్నారు. అమ్మకు కోపం లేదు, కానీ ఆ ప్రస్తావన వస్తే మౌనంగా ఉండిపోతోంది. ఈ బరువు నవ్వుతోనే తగ్గుతుందని నా నమ్మకం. అయితే ఆ నవ్వు ఆయనను చిన్నబుచ్చకూడదు, అమ్మ శ్రమను తేలిక చేయకూడదు. బావను మరదలు ఆటపట్టించడం మన ఇళ్లలో మామూలే కానీ, అత్తగారికీ అల్లుడికీ మధ్య అంత చనువు ఉండదు కదా. మరి మొదటి పరిహాసం అమ్మ నోటే రావాలా, నేను మొదలుపెట్టవచ్చా? ఇలా బిగిసిన ఊలును కత్తిరించినా పోగులు ఊడవు కాబట్టి, దానితో అక్క కూతురి బొమ్మకు కోటు కుట్టించి, బావగారి చేతనే వీడియో కాల్‌లో అమ్మకు చూపించాలని ఉంది. చేత్తో అల్లినవారికి ఇది సరదాగా తోస్తుందా, లేక ఇంకొంత కాలం ఆగడం మంచిదా? అల్లిక అలవాటున్నవారు దయచేసి చెప్పండి.