షట్టరు కింద నలిగిన వేలు: గోరు తీయించాలా?

ప్రశ్న: నిన్న రాత్రి దుకాణం షట్టరు దించుతుండగా నా మధ్యవేలు కింద పడి నలిగింది. గోరు నేరేడుపండు రంగుకు తిరిగింది, గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలి కొస సలుపుతోంది. గోరు తీయించుకోవలసి వస్తుందా?

జవాబు: గోరు కింద చేరిన రక్తానికి బయటకు దారి లేక ఒత్తిడి పెరుగుతుంది, ఆ సలుపు అందువల్లనే. మొదటి ఒకటి రెండు రోజుల్లో వైద్యులు గోరుకు చిన్న రంధ్రం చేసి రక్తాన్ని వదిలితే నొప్పి చాలావరకు తగ్గుతుంది. చాలామందికి గోరు తీయనక్కరలేదు. సూది కాల్చి మీరే పొడుచుకునే సాహసం మాత్రం చేయకండి (మా ఊళ్లో ఇది మామూలే). ఉంగరం ఉంటే వాపు పెరగకముందే తీసేసి, చేతిని గుండె కంటే ఎత్తులో దిండుమీద ఉంచండి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి పెట్టాలే గాని నేరుగా చర్మానికి ఆనించకూడదు.

మరొక జవాబు: వేలి కొసను నిటారుగా చాచలేకపోయినా, అది మొద్దుబారినా ఎక్స్‌రే తీయించండి. ఇనుప గేటులో పడినప్పుడు నాకు స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) తెగి కొస కిందికి వాలిపోయింది; 6 వారాలు స్ప్లింట్ (వేలు కదలకుండా కట్టే బద్ద) విప్పకుండా ఉంచవలసి వచ్చింది. చర్మం చీలి ఉంటే టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగండి.

ప్రశ్న వేసినవారు: కొస చాచగలుగుతున్నాను. ఈ నలుపు ఎన్నాళ్లుంటుంది?

జవాబు: చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. మచ్చ గోరుతోపాటు ముందుకు జరిగి పోవడానికి 4 నుంచి 6 నెలలు పట్టవచ్చు.