టోపీ మీద డిజైన్ పక్కకి జరిగితే తప్పెవరిది: ఫ్రేమ్ వేసినవాళ్లదా, పంచింగ్ చేసినవాళ్లదా?

కొత్తమిషన్_తెనాలి: అందరికీ నమస్కారం. మాది ఒక్క హెడ్ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్, 15 సూదులు. ఇన్నాళ్లూ జాకెట్లు, స్కూలు బ్యాడ్జీలు, టీషర్టులే చేశాం. మొదటిసారి టోపీలు ఒప్పుకున్నాను, క్రికెట్ టోర్నమెంట్ వాళ్లవి 60. టోపీలు వాళ్లే కొనిచ్చారు, ఆరు ముక్కలవి, ముందు లోపల బక్రం, అంటే గట్టి గుడ్డ ఉంది. గుండ్రటి లోగో, చుట్టూ అక్షరాలు, బయట నల్ల అవుట్‌లైన్. 11 పాడయ్యాయి. నింపిన కుట్టుకీ అవుట్‌లైన్‌కీ మధ్య సందు వచ్చి తెల్ల గుడ్డ కనిపిస్తోంది. పంచింగ్ చేసినాయన, అంటే డిజైన్‌ని మిషన్ చదివే ఫైల్‌గా చేసిచ్చినాయన, ఫ్రేమ్ వదులు అంటున్నాడు, టోపీని ఫ్రేమ్‌లో బిగించే తమ్ముడు గట్టిగానే బిగించానంటున్నాడు. గుడ్డ కదలకుండా కింద వేసే పేపర్ ఒకటే వేశాం. రెండు వేయాలా? మిగతా 49 ఆపేసి కూర్చున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది.

పదిహేను_సూదులు: పేపర్ సంగతి తర్వాత. ఇది ఫ్రేమ్ తప్పే. సికింద్రాబాద్‌లో 18 ఏళ్లుగా టోపీలు కుట్టిస్తున్నాను కాబట్టి చెప్తున్నా. ఫ్రేమ్ బిగించే స్టాండుకి టోపీ తొడిగే ముందు లోపలి చెమట పట్టీని పూర్తిగా బయటికి తిప్పాలి, పట్టీ రేకు కిందికి పోవాలి, టోపీ మధ్య కుట్టు స్టాండు మీది ఎర్ర గీత మీద కూర్చోవాలి. అప్పుడే ఫ్రేమ్ బెల్టు బిగించాలి. బెల్టు పళ్లు ముందుండే చూరుకీ టోపీకీ మధ్య ఉన్న గాడిలో పడాలి. చూరు మీదికెక్కితే బిగిసినట్టే ఉంటుంది కానీ వంద కుట్లు పడేసరికి జారుతుంది. మధ్య కుట్టు ఎర్ర గీత మీద లేదంటే మిగతాది ఏం చేసినా దండగ.

రాజమండ్రి_కుర్రాడు: పేపర్ రెండు వేయి అన్నా, సరిపోతుంది.

సూదిదారం: మధ్య కుట్టు విషయంలో ఒప్పుకోను. నేను విజయవాడలో పంచింగ్ చేస్తాను, మూడేళ్లు మిషన్ మీద కూడా ఉన్నాను. టోర్నమెంట్లకి కొనే చవక టోపీల్లో ఆ కుట్టే పక్కకి పోయి ఉంటుంది. దాన్ని నమ్మి బిగిస్తే పెట్టుకున్నాక లోగో ఒక కంటి మీదికి వస్తుంది. చూరు రెండు కొసలూ కలిపి మడిచి, మధ్యలో చాక్‌పీస్‌తో చుక్క పెట్టుకుని ఆ చుక్కని గీతకి కలపండి. చూసేవాళ్లు చూరుని బట్టే చూస్తారు, కుట్టుని బట్టి కాదు.

పదిహేను_సూదులు: మేడమ్, 60 టోపీలకి చాక్‌పీస్ పెట్టుకుంటూ కూర్చుంటే కూలి గిట్టదు. కుట్టు ఎలా ఉంటే లోగో అలా ఉండాలి. కుట్టు ఒకచోట, లోగో ఇంకోచోట ఉంటే పార్టీ వచ్చి అడిగేది మనల్నే.

సూదిదారం: కూలి సంగతి వేరు, నాణ్యత సంగతి వేరు. చుక్క పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

పదిహేను_సూదులు: మీరు కంప్యూటర్ ముందు కూర్చుంటారు కాబట్టి ఎంతసేపు అంటారు. పూటకి 200 టోపీలు దింపాల్సినవాణ్ని అడగండి.

ఇంటిమిషన్_డాలస్: నాది ఇంట్లో వాడే చిన్న మిషన్, టోపీ ఫ్రేమ్ లేదు. జిగురు పేపర్ మీద టోపీని అతికించి మామూలు రింగులోనే చేస్తున్నాను. మెత్తటి టోపీలకి బాగానే వస్తుంది, బక్రం ఉన్నవాటికి మాత్రం రాలేదు.

వంకరకుట్టు_వరంగల్: మధ్య కుట్టు మీద ఎంత కొట్టుకున్నా తెనాలి అన్నకి ఉపయోగం లేదు. ఆయన లోగో పక్కకి పోయిందనలేదు, అవుట్‌లైన్ విడిపోయిందన్నాడు. ఆ రెండూ వేరు. టోపీ వంకరగా పెడితే డిజైన్ మొత్తం వంకరగా వస్తుంది, కానీ దానిలో అది కలిసే ఉంటుంది. నింపింది ఒకచోట, అవుట్‌లైన్ ఒకచోట ఉందంటే కుట్టేటప్పుడు గుడ్డ కదిలింది. గుడ్డ ఎందుకు కదులుతుంది? ఒకటి, టోపీ గుండ్రం, కింద సూది ప్లేటు చదును. రెండిటికీ మధ్య ఖాళీ ఉంటే సూది పైకి లేచిన ప్రతిసారీ గుడ్డ దానితోపాటు లేస్తుంది. వెనక రెండు పక్కలా క్లిప్పులు పెట్టి గుడ్డని లాగి పట్టాలి, స్పీడు నిమిషానికి 600 కుట్లకి దించాలి. రెండు, ఫైల్. టోపీకి మధ్యలో మొదలుపెట్టి పక్కలకి, చూరు దగ్గర నుంచి పైకి కుట్టాలి, అప్పుడు వదులు గుడ్డ బయటికి పోతుంది. ఎడమ నుంచి కుడికి కుట్టుకుంటూ పోతే గుడ్డంతా ముందుకి నెట్టుకొచ్చి మధ్య కుట్టు దగ్గర కుప్పపడుతుంది.

అన్నా, ఒక పని చెయ్యండి. ఆ 11 టోపీలూ బల్ల మీద వరసగా పెట్టి చూడండి. అన్నిట్లో సందు ఒకే వైపు, ఒకే వెడల్పు ఉంటే ఫైల్‌ది తప్పు. ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటే ఫ్రేమ్ బిగించిన చెయ్యిది తప్పు.

పదిహేను_సూదులు: ఫైల్ మీదికి తోసేస్తే పనివాళ్లకి హాయి. నా షాపులో పాడైన ప్రతి టోపీ ఖరీదూ ఫ్రేమ్ వేసినవాడి జీతంలో కోస్తాను. మొదటి నెల తిట్టుకుంటారు, రెండో నెల నుంచి చెయ్యి నిలుస్తుంది. తెనాలి అన్నా, మీరు కూడా అదే చెయ్యండి.

కొత్తమిషన్_తెనాలి: నిజం చెప్పాలంటే 11కి డబ్బు తమ్ముడి దగ్గరే పట్టుకున్నాను, ఒక్కోటి 90 చొప్పున.

వంకరకుట్టు_వరంగల్: ఈ మాట మొదట్లోనే చెప్పాల్సింది అన్నా.

నేను నాలుగేళ్లు ఒక షాపులో ఫ్రేమ్ వేశాను. పేరు చెప్పను. ఒక నెల 14 టోపీలకి కోశారు, ఆ నెల ఇంటి అద్దె కట్టలేక మా బావ దగ్గర చెయ్యి చాపాను. నాలుగు నెలలకి మెకానిక్ వచ్చి ఫ్రేమ్ తగిలించే డ్రైవర్ అనే మిషన్ భాగాన్ని పట్టుకుని ఊపితే అటూ ఇటూ ఆడింది. బేరింగులు అరిగిపోయాయి. అంటే నేనెంత బిగించినా కుట్టేటప్పుడు ఫ్రేమ్ ఊగుతూనే ఉంది. ఆ డబ్బు తిరిగిచ్చారా? లేదు. అడిగితే అది పాత లెక్క అన్నారు. ఇప్పటికీ టోపీ బిగిస్తుంటే నా బొటనవేలు ఆ లాక్ మీద అవసరం కన్నా గట్టిగా నొక్కుతుంది.

పదిహేను_సూదులు: మీకు జరిగింది తప్పే. కానీ దానికీ నాకూ సంబంధం ఏంటి? పార్టీ టోపీలు పాడైతే కొనిచ్చేది నేను, మిషన్ వాయిదా కట్టేది నేను. పనివాడికి ఏ భయమూ లేకపోతే మధ్యాహ్నం ఫోన్ చూస్తూ బిగిస్తాడు. ఇక్కడ కూర్చుని నీతులు చెప్పడం తేలిక.

సూదిదారం: ఫైల్ అంటే ఫైల్, చెయ్యి అంటే చెయ్యి, మరి యజమాని తప్పు ఎవరి జీతంలో కోస్తారు? తెనాలి అన్నా, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ ఫైల్ టోపీకని చెప్పి చేయించారా?

కొత్తమిషన్_తెనాలి: లేదక్కా. పోయినేడు అదే టీమ్‌కి టీషర్టులు కుట్టాం, చాతీ మీదకి. ఆ ఫైల్‌నే చిన్నది చేసి పెట్టాను. మళ్లీ పంచింగ్ డబ్బులెందుకని.

సూదిదారం: మరి ఆ పంచింగ్ చేసినాయన చేసిన తప్పేంటి, ఆ తమ్ముడు చేసిన తప్పేంటి? చాతీ ఫైల్‌ని టోపీ మీద పెడితే ఇలాగే అవుతుంది. డిజైన్ ఎత్తు ఎంత ఉంచారు? ఫ్రేమ్ మీద 75 మిల్లీమీటర్లని రాసి ఉన్నా బక్రం టోపీకి 55 దాటనివ్వకండి, పైన గుండ్రం మొదలయ్యేచోట గుడ్డ ప్లేటుకి ఆనదు.

పదిహేను_సూదులు: ఫైల్ తప్పయితే సరే, కోయొద్దు. చెయ్యి తప్పయితే కోయాలి. నా మాట మారలేదు.

వంకరకుట్టు_వరంగల్: ఎవరి తప్పో తేల్చేది ఎవరు? మీరే. పట్టేది మీరే, విచారించేది మీరే, కోసేది మీరే. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేది, పనివాడి నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికే కోయాలి, నష్టం కన్నా ఎక్కువ కోయకూడదు, కోసేముందు అతని మాట వినాలి. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లో కూడా అదే ఉంది. మీ షాపులో ఒక్కసారైనా ఎవరి మాటైనా విన్నారా?

పదిహేను_సూదులు: చిన్న షాపుల్లో చట్టాలు చదివి పని చేయించడం కుదరదు.

కొత్తమిషన్_తెనాలి: 11 టోపీలూ బల్ల మీద పెట్టి చూశాను. 8 టోపీల్లో సందు కుడివైపే, దాదాపు ఒకే వెడల్పు. మిగతా మూడింట్లో సందు సన్నంగా ఉంది, కానీ లోగో మొత్తం ఎడమకి వాలింది. తమ్ముణ్ని పిలిచి అడిగాను. ఆ మూడూ రాత్రి తొమ్మిదిన్నర తర్వాత బిగించినవట, తొందరగా దింపమని నేనే అన్నానట. నాకు గుర్తులేదు, కానీ అనే ఉంటాను. 11కి పట్టుకున్న 990 ఇచ్చేశాను. టోపీకి వేరే ఫైల్ చేయమని అదే పంచింగ్ ఆయనకి చెప్పాను, ఫోన్‌లో క్షమించమని కూడా అడిగాను.

పదిహేను_సూదులు: మూడింటికి కూడా ఇవ్వడం తప్పు. రేపు ఇంకో ఆరు వస్తే అప్పుడు చెప్పండి.

వంకరకుట్టు_వరంగల్: కొత్త ఫైల్ వచ్చాక 49 మీదికి నేరుగా వెళ్లకండి అన్నా. పాడైన టోపీల్లో ఒకటి తీసుకుని పక్క ముక్క మీద ఒకసారి కుట్టి చూడండి. వెనక క్లిప్పులు మర్చిపోవద్దు.

రాజమండ్రి_కుర్రాడు: ఆ క్లిప్పులు అంటే స్టేషనరీ షాపులో కాగితాలకి పెట్టే నల్లవేనా?

వంకరకుట్టు_వరంగల్: అవే. పెద్ద సైజు తీసుకో.