అమ్మానాన్నల్ని సముద్రం ఒడ్డు పబ్‌కి తీసుకెళ్ళడం సబబేనా?

కెంట్‌లో కాకినాడ:
మావాళ్ళు కాకినాడ నుంచి వచ్చారు, సెప్టెంబరు దాకా ఇక్కడే ఉంటారు. ఇంగ్లండ్‌లో మా కెంట్ తీరాన విట్‌స్టబుల్ అనే ఊళ్ళో గులకరాళ్ళ బీచ్ మీదే ఓల్డ్ నెప్ట్యూన్ అని పాత చెక్క పబ్ ఉంది కదా, ఒక సాయంత్రం అక్కడ బయట బల్ల దగ్గర కూర్చోబెట్టి షెపీ దీవి వైపు పొద్దు గుంకడం చూపిద్దామని నా ఆలోచన. నాన్న మందు ముట్టరు, అమ్మ పూర్తి శాకాహారి. మా ఆవిడేమో "పెద్దవాళ్ళని బార్‌కి తీసుకెళ్తావా, బీచ్‌లో దుప్పటి పరుచుకుంటే అదే సూర్యుడు కనపడడా" అంటోంది. మీరేమంటారు?

పులిహోర పార్టీ:
మీ ఆవిడే కరెక్ట్. సముద్రానికి టికెట్ లేదు. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్తే అయిపోయేదానికి నలుగురికి చిప్స్, కూల్ డ్రింకులు అని బిల్లు కట్టడం దేనికి? పైగా చాలా పబ్బుల్లో కుక్కల్ని లోపలికి రానిస్తారు. మా అత్తగారు ఒకసారి ఓ పబ్‌లో ఉన్నంతసేపూ కాళ్ళు కుర్చీ మీదికి లాక్కునే కూర్చున్నారు, ఇంక వ్యూ ఎవరు చూస్తారు!

అలలపక్క:
బార్ అనగానే మనకి మన ఊళ్ళో పరదాలు కట్టిన చీకటి గది గుర్తొస్తుంది, గొడవంతా అక్కడే. ఇక్కడ మధ్యాహ్నం పూట చూడండి, మనవళ్ళతో తాతలూ, బురద బూట్లతో నడిచొచ్చినవాళ్ళూ, ఒక్కరే పేపర్ చదువుకునే ముసలావిడా, అందరూ ఉంటారు. తాగకపోతే ఎవరూ అడగరు. లైమ్ సోడా తీసుకోండి, మంచినీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్ చట్టంలోనే ఉంది. బల్ల దగ్గరికి ఎవరో వస్తారని ఎదురుచూడకుండా కౌంటర్ దగ్గరికి మీరే వెళ్ళి ఆర్డర్ చెప్పాలి, అంతే.

ఇక ఆ పబ్ సంగతి. 1897 నవంబరు తుఫానులో సముద్రం పొంగి దాన్ని పడగొట్టేసింది. పాత కలపనే మళ్ళీ వాడి కట్టుకున్నారు. కాకినాడ మనిషికి తుఫాను గురించి ఒకరు చెప్పాలా, మీ నాన్నగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి, ఆయనే గోడలూ దూలాలూ తడిమి చూస్తారు. ఇది దుప్పటి మీద కూర్చుంటే దొరకదు.

వెజ్ ఓన్లీ:
అన్నిటికన్నా ముందు నూనె సంగతి కనుక్కోండి. చిప్స్ అనగానే శాకాహారమే అనుకుంటాం. చాలాచోట్ల చేపలు వేయించిన మూకుడులోనే వేస్తారు, ఇంగ్లండ్ ఉత్తరాన అయితే గొడ్డు కొవ్వులో వేయించడం పాత అలవాటు, యార్క్‌షైర్ తీరానికి వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్త. "వేరే ఫ్రయ్యర్ ఉందా" అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. వంటగది మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య మూసేసే పబ్బులు కూడా చాలా ఉంటాయి, అమ్మగారికి షుగర్ ఉంటే ఫోన్ చేసి టైమ్ కనుక్కోకుండా బయల్దేరకండి.

పులిహోర పార్టీ:
చూశారా, ఇంత టెన్షన్ పడి వెళ్ళాలా? మధ్యేమార్గం చెప్తా. ఒక కోక్ కొనుక్కుని పబ్ బల్ల దగ్గరే కూర్చుని మన డబ్బా విప్పితే సరి. మేం అలాగే చేస్తాం.

అలలపక్క:
ఈ పని మాత్రం దయచేసి చెయ్యకండి, ఇంకొకరికి నేర్పకండి కూడా. ఎండ కాసిన ఆదివారం ఆరుగురు ఒక్క కోక్‌తో రెండు గంటలు బల్ల ఆపేస్తే, ఆ పబ్‌వాళ్ళు జీతాలూ కరెంటూ దేంతో కట్టాలి? అమ్మే ప్రతి ప్లేటు మీదా 20 శాతం వ్యాట్ వాళ్ళే కట్టుకోవాలి. పులిహోర తినాలనుంటే పది అడుగులు పక్కకి జరిగితే బోలెడు బీచ్. బల్ల కావాలంటే కొనాలి. మన హోటల్లో ఎవరైనా ఇంటి క్యారియర్ విప్పితే ఓనర్ ఊరుకుంటాడా?

డోర్సెట్ నడక:
ఇద్దరూ కాస్త ఆగండి. డోర్సెట్‌లో వర్త్ మాట్రవర్స్ అనే ఊళ్ళో స్క్వేర్ అండ్ కంపస్ అనే పబ్ ఉంది, 1907 నుంచీ ఒకే కుటుంబం చేతిలో. అక్కడ కౌంటరే లేదు, గోడలోని చిన్న కిటికీలోంచి పేస్టీలూ (లోపల కూర పెట్టి కాల్చినవి), సైడరూ (యాపిల్ మద్యం) అందిస్తారు. పక్కగదిలో శిలాజాల మ్యూజియం, బయట రాతి బల్లలు, పొలాల మీదుగా దూరంగా సముద్రం. నాకైతే తీరం పబ్ అంటే అదే. కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి చెప్పను, దాని అందమంతా కొండ అంచున నడిచి నడిచి అలసిపోయి అక్కడ చేరడంలో ఉంది. పెద్దవాళ్ళకి విట్‌స్టబులే నయం, లండన్ నుంచి నేరుగా రైలుంది.

కెంట్‌లో కాకినాడ:
నూనె సంగతి నాకు తట్టనే లేదు, థాంక్సండీ. మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించా. బల్ల దగ్గర కొనుక్కునే తింటాం, పులిహోర రైల్లో లాగించేస్తాం అన్నాక ఒప్పుకుంది. కుక్కల విషయం మాత్రం అమ్మకి ఇంకా చెప్పలేదు.

పులిహోర పార్టీ:
ముందే చెప్పండి బాబూ. బిల్లు ఎంతైందో కూడా వచ్చి ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.