క్లయింట్ మాట్లాడుతుంటే నేనే ఎక్కడికో వెళ్లిపోతున్నాను, ఏం చేయాలి?

పాలకొల్లు_కోచ్:
రెండేళ్లుగా కోచింగ్ చేస్తున్నానండి. ఎంసెట్ కోచింగ్ కాదు లెండి, చుట్టాలకి ఇది చెప్పలేక చస్తున్నా. ఉద్యోగమో వ్యాపారమో మారాలనుకునేవాళ్లని కూర్చోబెట్టి, వాళ్ల దారి వాళ్లే తేల్చుకునేలా మాట్లాడించే పని. మొన్న ఒకాయన వచ్చారు, రొయ్యల సాగు మానేయాలా వద్దా అని. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చి నాలుగు రోజుల్లో చెరువంతా పోయిందని ఆయన చెబుతుంటే, అలాగే పోయిన మా చెరువు గట్టు మీద మా నాన్న తెల్లార్లూ కూర్చున్న రాత్రి కళ్ల ముందుకొచ్చేసింది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడుతో సహా. తర్వాత పది నిమిషాలు ఆయనేం మాట్లాడారో తెలీదు. తేరుకుని, చెరువు లీజుకిచ్చేయండి అని సలహా పారేశాను. ఆయన తలూపి వెళ్లిపోయారు.

కాలవగట్టు:
ఆ సలహా ఆయన కోసం కాదండి, మీ కడుపులో తిప్పుడు ఆగడం కోసం. నేనూ చేశాను ఆ పని, చాలాసార్లు. నాకైతే ముందు గొంతు ఎండుతుంది, మాట వేగం పెరుగుతుంది. అది పసిగట్టగానే పాదాలు రెండూ నేలకి ఆనించి, పీల్చినదానికంటే నిదానంగా ఊపిరి వదులుతాను, వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. ‘ఇది నాన్న చెరువు, ఈయనది కాదు’ అని లోపల అనుకోండి. ఆయన మాటేదైనా చెవిన పడకపోయి ఉంటే దాచొద్దు, ‘ఇందాకటిది ఇంకోసారి చెప్పండి’ అని అడిగేయడమే.

గోదారి_ఎదురీత:
ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంటే అప్పుడూ మన గొడవలోనే ఉన్నట్టు కదా? నాకది పనిచేయలేదు, క్లయింట్ ముఖం చూస్తూ ఊరుకోవడమే పనిచేసింది. కోచ్‌ల అంతర్జాతీయ సంఘం ఐసీఎఫ్ 2019లో ప్రకటించిన ఎనిమిది సామర్థ్యాల్లో ఐదోది ఇదే, మన ఉద్వేగాన్ని అదుపులో పెట్టుకుని క్లయింట్ దగ్గర ఉండటం, మౌనానికి చోటివ్వడం. అమెరికా సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ 1957లోనే చెప్పాడు, అవతలివాళ్ల బాధ మనదే ‘అన్నట్టు’ తెలియాలి, ఆ ‘అన్నట్టు’ మాత్రం పోకూడదని. మీకు పోయింది అదే.

లంక_పిల్ల:
అసలు మీ నాన్నగారి చెరువు సంగతి ఎవరి దగ్గరైనా దించుకున్నారా? సూపర్‌విజన్‌కి వెళ్లండి, అంటే అనుభవమున్న ఇంకో కోచ్ దగ్గర మన సెషన్ల సంగతి మాట్లాడుకోవడం, లేకపోతే రొయ్య అన్న ప్రతివాడి దగ్గరా ఇదే అవుతుంది, మన జిల్లాల్లో రొయ్య అననివాడు ఎవడు చెప్పండి! ఇంకోటి, ఆయన నిద్ర లేదనో, బతకాలని లేదనో అంటే అది మన పని కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చి, వీలైతే మీరే పక్కనుండి ఫోన్ చేయించండి.

పాలకొల్లు_కోచ్:
అలాంటి మాటలేవీ లేవండి, అడిగాను. నిన్న ఫోన్ చేసి, ఆ రోజు మధ్యలో నా ధ్యాస తప్పింది, ఆ సలహా వదిలేయండి అని చెప్పేశాను. ఆయన నవ్వారు. ‘ఆయ్, నాకు అప్పుడే అర్థమైందండి. చెరువు నాది కాదు, నేనే లీజుకి చేస్తున్నానని మొదట్లోనే చెప్పాను కదా’ అన్నారు. గురువారం మళ్లీ వస్తానన్నారు.