అప్‌డేట్: బాబు చెవి మిషన్ చూసి ఏడిపిస్తున్న పిల్లల సంగతి (గుంటూరు)

నాలుగో తరగతి చదివే మా బాబు చెవి దగ్గర తోటిపిల్లలు అరచెయ్యి అడ్డం పెట్టి, మిషన్‌ని కుయ్యిమనిపించి నవ్వుతున్నారని, బడికి వెళ్లనని వాడు మొండికేస్తున్నాడని ఇక్కడ అడిగాను కదా. ఇప్పుడు ఆగింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) టీచర్‌ని కలవమన్న సలహా. ఆవిడ క్లాసుకొచ్చి, మా వాడి పేరెత్తకుండా, పిల్లలందరినీ చెవుల్లో దూది పెట్టుకోమని మెల్లగా డిక్టేషన్ చెప్పారు. సగం పదాలు తప్పులే! ఆ తర్వాత అందరివీ ప్రశ్నలే ప్రశ్నలు. ఈ గోలంతా ఇంటర్వెల్‌లో కుళాయిల దగ్గరే జరుగుతోందని కూడా ఆవిడే కనిపెట్టారు. హెడ్మాస్టర్ గారు అక్కడ ఒక టీచర్‌కి డ్యూటీ వేశారు. నన్నడిగితే అసలు మందు అదే.

ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) చూసి, చెవి పెరగడంతో ఇయర్ మౌల్డ్ (మిషన్‌కి ఉండే, చెవిలో అమరే అచ్చు) వదులైందన్నారు. కొత్తది చేయించాక కూత బాగా తగ్గింది.

సెక్షన్ మార్పించే అవసరం రాలేదు (మార్పిస్తే వాడికున్న ఒక్క ఫ్రెండూ దూరమయ్యేవాడు). 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రస్తావిస్తూ రాసిపెట్టుకున్న ఫిర్యాదు ఫైల్లోనే ఉంది. ఏడిపించినవాళ్లలో ఒకడితో ఇప్పటికీ మాటల్లేవు, ఫర్వాలేదు.